అరగంటకోసారి పాలు అడిగే బిడ్డ



సాయంత్రం దీపాలు పెట్టే వేళయిందంటే చాలు, నెలన్నర పసిబిడ్డ ఉన్న ఇంట్లో హడావిడి మొదలవుతుంది. నాలుగున్నరకు పాలు తాగిన బిడ్డ ఐదింటికి మళ్లీ నోరు తెరుస్తుంది. ఐదున్నరకు ఇంకోసారి. ఆరింటికి రొమ్ము పట్టుకుని రెండు నిమిషాలు చప్పరించి, వదిలేసి, గుక్కపట్టి ఏడ్చి, మళ్లీ పట్టుకుంటుంది. బాలింతకు మంచం దిగే వీలుండదు. అమ్మమ్మ వంటింట్లోంచి తొంగిచూసి "ఇందాకే కదే ఇచ్చావు?" అంటుంది. పక్కింటావిడ గుమ్మంలో నిలబడే "పాలు చాలడం లేదేమో, ఓ డబ్బా తెప్పించండి వదినా" అని సలహా చెప్పేసి వెళుతుంది. ఫోనులో అత్తగారు "అస్తమానం ఎత్తుకుని అలవాటు చేస్తున్నారు" అంటారు. రాత్రి తొమ్మిదయ్యేసరికి బిడ్డతో పాటు తల్లి కూడా ఏడుస్తూ ఉంటుంది.

మాటిమాటికీ పాలు అడగడం పసిబిడ్డ ఒంటి తీరు. ఎక్కువమంది విషయంలో అది బిడ్డ తప్పూ కాదు, తల్లి లోపమూ కాదు. కానీ ఆ అడగడానికి ఇంట్లోవాళ్లు చెప్పుకునే అర్థం వల్ల తల్లి నలిగిపోతుంది. పాలు చాలడం లేదనే అనుమానం ఒకవైపు, నిద్ర లేని ఒళ్లు ఇంకోవైపు. ఈ రెండూ తీరే దారి చూడాలి గానీ, బిడ్డ అడగడాన్ని మాన్పించాలని చూస్తే పని చెడుతుంది. అదెలాగో ఈ పూట చెప్పుకుందాం.

ముందు పాల సంగతి. జంతువులు పిల్లలకు ఎంతసేపటికోసారి, ఎన్నాళ్లు పాలిస్తాయన్నదానికీ ఆ పాల చిక్కదనానికీ సాధారణంగా సంబంధం ఉంటుంది. కుందేలు తన పిల్లల్ని గూట్లో దాచి రోజుకు ఒక్కసారి వస్తుంది, నాలుగైదు నిమిషాలు పాలిచ్చి వెళ్లిపోతుంది. దాని పాలలో కొవ్వు, మాంసకృత్తులు ఒక్కొక్కటీ పది శాతానికి పైనే. ఉత్తర అట్లాంటిక్‌లో మంచుపలకల మీద పిల్లల్ని కనే హుడెడ్ సీల్ అనే జంతువు నాలుగంటే నాలుగే రోజులు పాలిస్తుంది. ఆ పాలలో దాదాపు అరవై శాతం కొవ్వు. ఆ నాలుగు రోజుల్లోనే పిల్ల బరువు రెట్టింపవుతుంది.

మనిషి పాలు వేరు. వంద పాళ్లలో దాదాపు 88 పాళ్లు నీరు. ఏడు పాళ్లు పాలచక్కెర, నాలుగు పాళ్లు కొవ్వు, మాంసకృత్తులు ఒకే ఒక్క వంతు. ఆవుపాలలో మాంసకృత్తులు ఇంతకు మూడు రెట్లుంటాయి. తల్లిని అంటిపెట్టుకుని ఉంటూ కాస్తకాస్తగా, పదేపదే తాగే పిల్ల కోసం తయారైన పాలివి. తేలిగ్గా, తొందరగా అరుగుతాయి. గిన్నెలోకి పిండి చూసి "నీళ్లలా ఉన్నాయే తల్లీ" అని బెంగపడే పెద్దవాళ్లున్నారు. అవి అలాగే ఉండాలి. రోహిణికార్తె ఎండల్లో సైతం ఆరు నెలల లోపు బిడ్డకు విడిగా నీళ్లు పట్టొద్దని వైద్యులు చెప్పేది ఇందుకే. ఆకలికీ దాహానికీ పాలే. వేసవిలో బిడ్డ మరో రెండుసార్లు ఎక్కువ అడిగితే దాహం వేసిందనుకుని ఇవ్వాలి, అంతే.

మరి రోజుకు ఎన్నిసార్లు అడిగితే మామూలు? ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో పీటర్ హార్ట్‌మన్ అనే శాస్త్రవేత్త దశాబ్దాల పాటు తల్లిపాల మీదే పనిచేశాడు. ఆయన బృందం 2006లో ఒక అధ్యయనం వెలువరించింది. నెల నుంచి ఆరు నెలల వయసు వరకు, తల్లిపాలు మాత్రమే తాగుతూ చక్కగా ఎదుగుతున్న 71 మంది బిడ్డల్ని తీసుకుని, ఒక రోజంతా తాగే ముందూ తాగిన తర్వాతా తూకం వేయించారు. సగటున రోజుకు 11 సార్లు తాగారు. అందరికంటే తక్కువ తాగిన బిడ్డ 6 సార్లు, అందరికంటే ఎక్కువ తాగిన బిడ్డ 18 సార్లు. రోజు మొత్తంలో తాగిన పాలు సగటున 788 గ్రాములు. కానీ ఒక బిడ్డ 478 గ్రాములతో సరిపెట్టుకుంటే, ఇంకో బిడ్డ 1,356 గ్రాములు తాగింది. అందరూ ఆరోగ్యంగా ఉన్నవాళ్లే. మూడింట రెండు వంతుల మంది రాత్రి పది నుంచి తెల్లవారుజాము నాలుగు లోపల కూడా లేచి తాగారు.

ఆ అధ్యయనంలో రెండు సంగతులు ప్రతి బాలింతకూ చెప్పదగ్గవి. ఎక్కువసార్లు తాగే బిడ్డ రోజు మొత్తం మీద ఎక్కువ పాలు తాగుతుందనేమీ లేదు, తక్కువసార్లు తాగే బిడ్డకు తక్కువ పడుతున్నాయనీ లేదు. ఇక రెండోది, బిడ్డ ఒక్కో విడతలో రొమ్ములో ఉన్న పాలలో సగటున 67 శాతమే తాగింది. అంటే బిడ్డ మళ్లీ అడిగే వేళకు తల్లి దగ్గర పాలు అయిపోయి ఉండవు. కొందరి రొమ్ములో ఒకేసారి ఎక్కువ పాలు నిలవ ఉంటాయి, కొందరి రొమ్ములో తక్కువ. తక్కువ నిలవుండే తల్లి బిడ్డ ఎక్కువసార్లు తాగి లెక్క సరిచేసుకుంటుంది. చెల్లెలి బిడ్డ మూడు గంటలకోసారి తాగి పడుకుంటుంది, అక్క బిడ్డ గంటకోసారి లేస్తుంది. ఇద్దరు పిల్లలూ ఒక్కలాగే బరువు పెరుగుతుంటారు. అక్కను చిన్నబుచ్చాల్సిన పని లేదు.

అయితే "మూడు గంటలకోసారి, నాలుగు గంటలకోసారి ఇవ్వాలి" అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది? దానికో చరిత్ర ఉంది. న్యూజిలాండ్‌లో ట్రూబీ కింగ్ అనే వైద్యుడు ఉండేవాడు. ఆయన సీక్లిఫ్ అనే ఊళ్లో మానసిక వైద్యశాలకు పెద్ద. ఆ ఆసుపత్రికి ఉన్న పొలంలో దూడలకు పాలు పట్టే పద్ధతి మీద శ్రద్ధ పెట్టాడు. కొలత ప్రకారం, వేళ ప్రకారం పడితే దూడలు బాగా పెరిగాయి. ఆ క్రమశిక్షణే మనుషుల పిల్లలకూ మంచిదనుకున్నాడు. 1907లో తల్లులకు సలహాలిచ్చే సంఘం పెట్టాడు, 1913లో పుస్తకం రాశాడు. నాలుగు గంటలకోసారి పాలు, రాత్రిపూట అసలు వద్దు. ఆ నాటి శిశుమరణాలను తగ్గించాలన్న తపన ఆయనది. పరిశుభ్రత గురించి ఆయన చెప్పింది మేలే చేసింది. కానీ ఆ గడియారం మాత్రం బ్రిటిష్ సామ్రాజ్యమంతటా పాకింది. రెండు తరాల తల్లులు ఏడుస్తున్న బిడ్డను పక్కన పెట్టుకుని గోడ మీద ముల్లు ఎప్పుడు కదులుతుందా అని చూశారు.

అదే శతాబ్దంలో గడియారం ఎరుగని మనుషులూ ఉన్నారు. ఆఫ్రికా ఖండం దక్షిణ భాగంలోని కలహారి ఎడారిలో వేటాడి, దుంపలూ కాయలూ ఏరుకుని బతికిన కుంగ్ జాతి తల్లుల్ని గమనించి మెల్విన్ కానర్, కరోల్ వర్త్‌మన్ 1980లో ఒక పరిశోధన ప్రచురించారు. ఆ తల్లులు పగటిపూట గంటకు నాలుగు సార్ల చొప్పున, ఒక్కోసారి రెండేసి నిమిషాలు పాలిచ్చేవారు. బిడ్డ ఎప్పుడూ చంకలోనే. అక్కడ "ఇందాకే కదా ఇచ్చావు" అనే మాటకు తావే లేదు.

ఇక ఒంట్లో పాలు తయారయ్యే పద్ధతి తెలిస్తే సగం దిగులు పోతుంది. బిడ్డ చప్పరించగానే తల్లి మెదడు నుంచి రెండు హార్మోన్లు బయలుదేరతాయి. ఆక్సిటోసిన్ పాలను చేపుకు తెస్తుంది. ప్రొలాక్టిన్ తర్వాతి విడత పాలు తయారు చేయిస్తుంది. ప్రొలాక్టిన్ రాత్రివేళ ఎక్కువగా ఉంటుంది కనుక మొదటి వారాల్లో రాత్రి పాలివ్వడం మరీ అవసరం. మూడో ఏర్పాటు రొమ్ములోనే ఉంది. రొమ్ము నిండుగా ఉండిపోతే తయారీ మందగిస్తుంది, ఖాళీ అయిన కొద్దీ వేగం పుంజుకుంటుంది. బిడ్డ తాగిన కొద్దీ పాలు పడతాయని పెద్దవాళ్లు చెప్పేది అక్షరాలా నిజం.

డబ్బా పాల గొడవ ఇక్కడే మొదలవుతుంది. సాయంత్రం ఏడింటికి బిడ్డ ఏడుస్తోందని సీసాతో అరవై మిల్లీలీటర్లు పడతారు. బిడ్డ మూడు గంటలు పడుకుంటుంది. "చూశావా, ఆకలే" అంటారు అందరూ. ఆ మూడు గంటలూ రొమ్ములు నిండిపోయి, "ఇక చాలు" అన్న కబురు లోపలికి వెళుతుంది. మర్నాటికి తయారీ కాస్త తగ్గుతుంది. బిడ్డకు ఆ సాయంత్రం నిజంగానే పాలు తగ్గుతాయి, మళ్లీ ఏడుస్తుంది, ఈసారి తొంభై పడతారు. సీసా పీకలోంచి అప్పనంగా పాలు కారే సుఖానికి అలవాటుపడి రొమ్ము దగ్గర చిరాకు పడుతుంది. పదిహేను రోజులు తిరిగేసరికి "మా అమ్మాయికి పాలు పడలేదండీ" అనే మాట స్థిరపడిపోతుంది. పాలు పడకపోవడం కాదు, పడనివ్వకపోవడం. నిజంగా అవసరమై వైద్యులు డబ్బా పాలు రాస్తే అది వేరే సంగతి, అప్పుడు సంకోచం లేకుండా ఇవ్వాలి. పక్కింటి సలహా మీద మాత్రం డబ్బా తెరవకూడదు. పాలడబ్బాలకు, సీసాలకు ప్రచారం చేయకూడదని మన దేశంలో 1992లోనే చట్టం వచ్చింది, 2003లో దాన్ని ఇంకా బిగించారు. గుమ్మం దగ్గర నోటిమాటగా జరిగే ప్రచారాన్ని ఏ చట్టమూ ఆపలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఆరు నెలల లోపు బిడ్డల్లో తల్లిపాలు మాత్రమే తాగుతున్నవాళ్లు 63.7 శాతం.

సాయంత్రపు ఆరాటం గురించి ఒక మాట. చాలామంది పసిపిల్లలు పొద్దు వాలాక వరసగా, దగ్గర దగ్గరగా తాగుతారు. ఆ తర్వాత కాస్త ఎక్కువసేపు పడుకుంటారు. ఇదికాక రెండు మూడు వారాలప్పుడు, ఆరు వారాలప్పుడు, మూడో నెలలో ఒక రెండు మూడు రోజులు ఉన్నట్టుండి తాగడం పెంచేస్తారు. అడిగినప్పుడల్లా ఇస్తే పాలు పెరుగుతాయి, బిడ్డ తన మామూలు లెక్కకు వచ్చేస్తుంది. ఆ రెండు మూడు రోజుల్లోనే ఎక్కువ ఇళ్లలో డబ్బా వస్తుంది. అదే విచారం.

ప్రతి ఏడుపూ ఆకలి కాదన్నదీ నిజమే. అమెరికా వైద్యుడు బ్రేజల్టన్ 1962లోనే తల్లుల చేత రోజువారీగా రాయించి చూశాడు. పసిపిల్లల ఏడుపు ఆరు వారాల ప్రాంతంలో ఎక్కువై, ఆ తర్వాత మెల్లగా తగ్గుతుందని, అది సాయంత్రాలే ఎక్కువని తేలింది. తాగీ తాగీ కూడా ఏడుస్తుంటే త్రేన్పు రాలేదేమో, గుడ్డ తడిసిందేమో, ఉక్కపోస్తోందేమో చూడాలి. భుజాన వేసుకుని వరండాలో నాలుగు అడుగులు వేసే పని తాతగారు చేయగలరు, తండ్రి చేయగలడు, మేనమామ చేయగలడు.

పాలు చాలుతున్నాయో లేదో ఎలా తెలుస్తుంది? రొమ్ము బరువుగా ఉందా, మెత్తగా ఉందా అన్నది కొలత కాదు. పిండితే ఎన్ని వచ్చాయన్నదీ కొలత కాదు, బిడ్డ లాగినంత బాగా పంపు లాగలేదు. దండెం మీద ఆరేసిన గుడ్డలు నయం. పుట్టిన ఐదారు రోజుల తర్వాత ఒక రోజులో ఆరు, అంతకు మించి గుడ్డలు బాగా తడుస్తూ, మూత్రం లేత రంగులో ఉంటే పాలు అందుతున్నట్టే. ముర్రుపాల రోజుల్లో నల్లగా జిగటగా అయ్యే విరేచనం అయిదో రోజుకల్లా పసుపురంగుకు తిరగాలి. బరువు ఇంకా గట్టి సాక్ష్యం. పుట్టిన మొదటి రోజుల్లో బిడ్డ కొంత బరువు తగ్గడం మామూలు. రెండు వారాల లోపల పుట్టినప్పటి బరువుకు చేరాలి. ఆ తర్వాత మూడు నెలల వరకూ రోజుకు సుమారు 20 నుంచి 30 గ్రాముల చొప్పున పెరగాలి. ఆసుపత్రిలో కాన్పయినవాళ్ల ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో రావాలన్నది ప్రభుత్వం పెట్టిన నియమం. వచ్చినప్పుడు బిడ్డను తూయమని అడగడం తల్లి హక్కు.

తడి తక్కువగా ఉండి, బరువు పెరగక, బిడ్డ అస్తమానం రొమ్ము దగ్గరే ఉంటే మాత్రం ముందు చూడాల్సింది బిడ్డ పట్టు. చాలాచోట్ల లోపం అక్కడే దొరుకుతుంది. బిడ్డ ఒళ్లంతా తల్లి వైపు తిరిగి, పొట్టకు పొట్ట ఆనాలి. మెడ ఒక్కటే పక్కకు తిప్పి తాగే బిడ్డ ఎక్కువసేపు లాగలేదు. నోరు ఆవులింతలా బాగా తెరిచేదాకా ఆగి, అప్పుడు దగ్గరకు తీసుకోవాలి. గడ్డం రొమ్ముకు తగులుతూ, కింది పెదవి బయటికి తిరిగి ఉండాలి. చనుమొన చుట్టూ ఉన్న నల్లటి భాగం కింద కంటే పైన ఎక్కువ కనిపించాలి. బుగ్గలు గుంటలు పడకూడదు, నిండుగా ఉండాలి. చెవి పెట్టి వింటే కొన్ని చప్పరింతల తర్వాత గుటక చప్పుడు వినిపిస్తుంది. మొన మాత్రమే నోట పెట్టుకుంటే తల్లికి ప్రాణం పోయేంత నొప్పి, బిడ్డకు పాలు కొద్దిగా. పట్టు సరిచేస్తే గంట సేపు తాగే బిడ్డ ఇరవై నిమిషాల్లో నిండుగా తాగి వదిలేయడం నర్సమ్మలు రోజూ చూస్తూనే ఉంటారు. తాగుతూ నిద్రపోయే బిడ్డకు పాదాల మీద మెల్లగా రాస్తూ, రొమ్మును చేత్తో కాస్త నొక్కి పట్టుకుంటే మళ్లీ గుటకలు మొదలవుతాయి. ఏడుపు దాకా ఆగకూడదు. తల అటూ ఇటూ తిప్పి వెతకడం, గుప్పిట నోట్లో కుక్కుకోవడం ఆకలికి మొదటి గుర్తులు. గుక్కపట్టిన బిడ్డ సరిగ్గా పట్టుకోలేదు.

ఇక తల్లి. ఆమెను చూసుకోవడమే ఈ మొత్తం వ్యవహారానికి ఆయువుపట్టు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మొదటి ఆరు నెలలు పాలిచ్చే తల్లికి మామూలు కంటే రోజుకు 600 కేలరీలు అదనంగా కావాలి. అంటే ఇంకో పూట భోజనం. మన పెద్దవాళ్లకు బాలింతకు పెట్టడం బాగానే తెలుసు. మునగాకు వేసిన తెలగపిండి కూర, వెల్లుల్లి కారం, తీరప్రాంతాల్లో సొరచేప పుట్టు. వీటిలో దేనికి ఎంత పాలు పెంచే గుణం ఉందో వాదించుకోనక్కర్లేదు, అవి మంచి తిండి, ప్రేమతో వండే తిండి. పేచీ అంతా పథ్యం పేరుతో ఆపే వాటితోనే. నీళ్లు తాగితే ఒళ్లు నీరు పడుతుందని గుక్కెడు నీళ్లకు కూడా లెక్క పెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. పప్పు వద్దు, పెరుగు వద్దు, పండు వద్దంటే ఆమె ఏం తిని కోలుకుంటుంది? దాహమేసినప్పుడల్లా నీళ్లు తాగాలి. పాలిచ్చేటప్పుడు చేతికందేలా ఒక చెంబు నీళ్లు, గిన్నెలో నాలుగు వేరుశనగ ఉండలో నువ్వుండలో పెడితే చాలు, ఎంతో సాయం.

రాత్రిళ్లు పక్కకు తిరిగి పడుకుని పాలివ్వడం నేర్చుకుంటే నడుముకు కొంత విశ్రాంతి దొరుకుతుంది. సిజేరియన్ కుట్లున్నవాళ్లకు ఇది మరీ అవసరం. తాగాక బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలి. సోఫాలో, కుర్చీలో బిడ్డను పట్టుకుని నిద్రలోకి జారిపోవడం ప్రమాదం. మద్యం తాగినవాళ్లు ఆ పక్క మీదకు రాకూడదు. పాలివ్వడం తల్లి పని, నిజమే. త్రేన్పు తెప్పించడం, గుడ్డ మార్చడం, స్నానం, జోకొట్టడం, వచ్చిన చుట్టాలకు టీ ఇచ్చి పంపడం ఎవరైనా చేయొచ్చు. పగలు బిడ్డ పడుకున్న గంటలో బాలింత పడుకోవాలంటే, ఆ గంటలో ఇంటి పని ఇంకెవరో చేస్తూ ఉండాలి. ఈ ఏర్పాటు ముందుగా మాట్లాడుకుని పెట్టుకున్న ఇళ్లలో డబ్బా అవసరం అరుదుగా పడుతుంది.

ఉద్యోగం చేసే తల్లికి 2017 సవరణ తర్వాత మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు దొరుకుతోంది. యాభై మంది, అంతకు మించి పనిచేసే చోట పిల్లల్ని ఉంచే గది ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. కానీ గుంటూరు, ఖమ్మం జిల్లాల్లో మిరపకోతకు వెళ్లే కూలీ తల్లికి ఆ సెలవు లేదు. మొదటి కాన్పుకు కేంద్రం ఇచ్చే ఐదు వేల రూపాయలు ఎన్నాళ్ల కూలికి సరిపోతాయి? చెట్టు కొమ్మకు కట్టిన చీర ఉయ్యాలలో బిడ్డను పడుకోబెట్టి, చాళ్ల మధ్య నుంచి పరుగున వచ్చి పాలిచ్చే ఆ తల్లికి మేస్త్రి పది నిమిషాలు ఇవ్వడమే పెద్ద ఉపకారం. అమెరికాలో ఉన్న తెలుగు తల్లికి ఇబ్బంది ఇంకో రకం. అక్కడి దేశవ్యాప్త చట్టం ఇచ్చేది 12 వారాల జీతం లేని సెలవు. అమ్మో అత్తగారో ఇక్కడి నుంచి వెళ్లి ఆసరాగా ఉండే నెలలే ఆమెకు పురుడు. ఆ వెళ్లేవాళ్లు ఆవకాయతో పాటు ఓపిక కూడా తీసుకెళ్లాలి.

కొన్ని సందర్భాల్లో మాత్రం ఆలస్యం చేయకూడదు. బిడ్డ మగతగా ఉండి పాలకు లేవకపోయినా, రోజుకు నాలుగుసార్లు కూడా గుడ్డ తడపకపోయినా, కళ్లు, ఒళ్లు, అరికాళ్లు పచ్చబడినా, జ్వరం వచ్చినా వెంటనే పిల్లల వైద్యుల దగ్గరకు వెళ్లాలి. తల్లికి రొమ్ము గడ్డకట్టి ఎర్రబడి జ్వరం వస్తే వైద్యం చేయించుకుంటూనే పాలివ్వడం కొనసాగించాలి. ఇక ఒంటి జబ్బు కంటే ఎక్కువగా దాగిపోయేది మనసు జబ్బు. రెండు వారాలు దాటినా దిగులు తగ్గక, బిడ్డ మీద ఏ భావమూ కలగక, బతకాలనిపించడం లేదంటే అది గారాబమూ కాదు, దిష్టీ కాదు. వైద్యంతో నయమవుతుంది. టెలీ మానస్ 14416 నంబరుకు ఎప్పుడు ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు, డబ్బు అడగరు.

మూడు నాలుగు నెలలు నిండేసరికి బిడ్డకు పని చేతనవుతుంది. ముప్పావుగంట పట్టిన పాలు పది నిమిషాల్లో తాగేసి, ఫ్యాను వైపో మనుషుల వైపో చూస్తూ ఆడుకుంటుంది. తల్లి రొమ్ములు కూడా మునుపటిలా బిగుసుకోవు, మెత్తగా ఉంటాయి. అప్పుడు ఇంట్లో ఇంకో బెంగ మొదలవుతుంది: "తాగడం మానేసింది, పాలు ఇంకిపోయాయేమో!" ఇంకిపోలేదు. తయారీ బిడ్డ అవసరానికి సరిగ్గా కుదురుకుంది, అంతే. అప్పుడూ చూడాల్సినవి అవే, తడిసిన గుడ్డలు, తూకం. అవి బాగుంటే ఆరు నెలలు నిండి అన్నప్రాసన అయ్యేదాకా ఆ పాలే చాలు. అన్నం మొదలుపెట్టాక కూడా రెండేళ్లు, ఆపైన బిడ్డకూ తల్లికీ ఇష్టమైనన్నాళ్లు ఇవ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.